ధ్యాస నిలవని పిల్లలే ఆటలోనూ ఒంటరి అవుతున్నారు: ఇంటి సంబంధం పాత్ర ఎంత? తల్లిదండ్రులకు ఏం చెప్పాలి?

పలక_బలపం (ప్రశ్న)

ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల తల్లిదండ్రులతో గంటన్నర సమావేశం ఉంది. దానికి విషయం సిద్ధం చేస్తున్నాను. చెప్పిన పని మధ్యలో వదిలేసే పిల్లలు ఆటల పీరియడ్‌లో కూడా గుంపుకి బయటే మిగిలిపోవడం ఏ బడిలోనైనా కనిపించేదే. మార్కుల గురించి తల్లిదండ్రులు అడుగుతారు, స్నేహితుల గురించి అడగరు. ఆ రెండూ కలిపి మాట్లాడాలని ఉద్దేశం.

తేల్చుకోవలసినవి మూడు. అమ్మానాన్నలతో ఉన్న సంబంధం ఏ దారిన ధ్యాస మీద, అక్కణ్నుంచి స్నేహాల మీద పనిచేస్తుంది? ఇంట్లో రోజూ ఏం చేయమని, ఎంతసేపు చేయమని చెప్పాలి? "మీ పెంపకం వల్లే ఇలా" అనే నింద వినిపించకుండా ఎలా చెప్పాలి, ఎవరిని డాక్టరు దగ్గరకు పంపాలి?

"పిల్లలతో ప్రేమగా ఉండండి" లాంటివి వాళ్లు వినీ వినీ ఉన్నారు. ఇంటికెళ్లి ఆ సాయంత్రమే మొదలుపెట్టగలిగే వివరం కావాలి.

శైశవం_నుంచి

మొదటి ప్రశ్నకు నా జవాబు: ధ్యాస మధ్యలో ఉంటుంది. ఇంటి సంబంధం ధ్యాసను తీర్చిదిద్దుతుంది, ఆ ధ్యాసతోనే పిల్లలు తోటివాళ్ల దగ్గరకు వెళ్తారు. ప్రభావమంతా ఈ ఒక్క దారినే రాదు, కానీ ఈ దారి ఉందని గట్టి ఆధారం ఉంది. అమెరికాలో పిల్లల ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐసీహెచ్‌డీ 1991లో మొదలుపెట్టిన అధ్యయనం 1,364 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి కౌమారం దాకా గమనించింది. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి ఆడుతుండగా, పని చేస్తుండగా వీడియో తీసి, ఎంత గమనించి స్పందిస్తున్నారో లెక్కగట్టారు. పిల్లల ధ్యాసకు వేరే పరీక్ష పెట్టారు. తెరమీద బొమ్మలు వరసగా వస్తుంటాయి, చెప్పిన బొమ్మ వచ్చినప్పుడే మీట నొక్కాలి. అది వచ్చినా నొక్కకపోతే ధ్యాస జారినట్టు, రాకుండానే నొక్కితే ఆపుకోలేకపోయినట్టు. ఈ సమాచారాన్ని విశ్లేషించినప్పుడు, ఇంటి సంబంధానికీ తోటి పిల్లలతో పొసగడానికీ ఉన్న లంకెలో కొంత భాగం ధ్యాస ద్వారా నడుస్తున్నట్టు కనబడింది.

ఇది మూడు రకాలుగా జరుగుతుంది. మొదటిది తెలియాలంటే ఏడాది వయసు దగ్గరకు వెళ్లాలి. చెన్ యూ, లిండా స్మిత్ 2016లో ప్రచురించిన ప్రయోగంలో తల్లిదండ్రికీ బిడ్డకీ చూపును పట్టే చిన్న కెమెరాలు తలకు తగిలించి, బొమ్మలిచ్చి ఆడుకోమన్నారు. బిడ్డ చూస్తున్న బొమ్మనే పెద్దవాళ్లు కూడా చూసినప్పుడు, వాళ్లు చూపు తిప్పేసుకున్నాక కూడా బిడ్డ చూపు ఆ బొమ్మ మీద ఇంకాసేపు నిలిచింది. సమావేశంలో ఈ ఒక్క విషయం నిదానంగా చెప్పండి. మనం చూపించాలనుకున్న వైపు బిడ్డను లాక్కెళ్తే వచ్చే ఫలితం కాదిది, బిడ్డ ఇప్పటికే చూస్తున్న దాని దగ్గరకు మనం వెళ్తే వచ్చేది. "అది కాదు, ఇది చూడు" అని గంటకు పదిసార్లు బొమ్మ మార్చే పెద్దవాళ్లు నేర్పాలనే తాపత్రయంతోనే చేస్తారు. కానీ ప్రతిసారీ బిడ్డ ఒక పట్టు వదిలి మరో పట్టు మొదలుపెట్టాలి.

రెండోది సర్దుబాటు. ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970ల్లో చేసిన నిశ్చలముఖ ప్రయోగం చాలామంది వినే ఉంటారు. ఆడిస్తున్న తల్లి హఠాత్తుగా ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటే బిడ్డ మొదట నవ్వించాలని చూస్తుంది, చేతులు చాస్తుంది, చివరకు ముఖం తిప్పేసుకుంటుంది. అంతగా వినబడని మాట ఇంకొకటి ఉంది. మామూలు తల్లీబిడ్డల ఆటలో కూడా ఇద్దరి భావాలూ సరిగ్గా కలిసి ఉండేది దాదాపు 30 శాతం సమయమే. మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ కలుపుకోవడం. తెగింది మళ్లీ కలుస్తుందని ఇంట్లో తెలుసుకున్న పిల్లలు స్నేహితుడితో గొడవయ్యాక తిరిగి వెళ్లగలుగుతారు. ఇది విన్న తల్లిదండ్రులకు ఊపిరాడుతుంది, తప్పకుండా చెప్పండి.

మూడోది చెప్పడం కాస్త కష్టం. పెద్దవాళ్ల కోపం ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో పిల్లల ధ్యాసలో ఒక భాగం ఎప్పుడూ వాళ్ల ముఖాల మీదే ఉంటుంది. సెత్ పొల్లాక్ బృందం ప్రయోగాల్లో, దెబ్బలకు గురైన పిల్లలు ఎదుటి ముఖంలోని కోపాన్ని చాలా తక్కువ ఆనవాళ్లతోనే పసిగట్టారు. ఆ ఇంట్లో అది అవసరమైన నేర్పే. బడిలో మాత్రం పొరపాటున తగిలిన భుజం కూడా కావాలని తోసినట్టు అనిపిస్తుంది. కెనెత్ డాడ్జ్ 1980 నుంచి దూకుడు పిల్లల్లో చూపించింది ఇదే: ఉద్దేశం స్పష్టంగా లేని చోట చెడ్డ ఉద్దేశం అంటగట్టడం. అలాంటి పిల్లాణ్ని "ముందు క్షమాపణ చెప్పు" అంటే పనికాదు. "వాడు కావాలని తోశాడా, చూసుకోకుండా తగిలాడా? నీకెలా తెలిసింది?" అని విడదీసి అడగాలి.

ఆటగది_చాప

రెండో ప్రశ్నకు వస్తాను. షీలా ఐబర్గ్ 1970ల్లో రూపొందించిన తల్లిదండ్రి-బిడ్డ చికిత్సలో ఇంటిపనిగా ఇచ్చేది రోజుకి ఐదు నిమిషాల ఆట. అవును, ఐదే. చికిత్స మొత్తం అవసరం లేని ఇళ్లలో కూడా ఈ ముక్క వాడుకోవచ్చు. అది రెండు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం తయారైంది. ఎనిమిదేళ్ల వాళ్లకు ఆట బదులు బొమ్మ గీయడమో, ఏదైనా కట్టడమో పెట్టండి.

ఎలా చేయాలంటే: రోజూ ఒకే వేళ. ఫోను వేరే గదిలో. రెండు మూడు రకాల వస్తువులు చాలు: దిమ్మెలు, రంగులు, మట్టి లాంటివి. గెలుపోటములున్న ఆటలు, బంతి విసిరేవి, తెరమీదవి వద్దు. గెలుపు ఉంటే నియమాలొస్తాయి, నియమాలొస్తే పెద్దవాళ్లు సరిదిద్దడం మొదలుపెడతారు. ఏం ఆడాలో బిడ్డే నిర్ణయిస్తుంది.

ఆ ఐదు నిమిషాలూ పెద్దవాళ్లు చేసేవి: బిడ్డ చేస్తున్నది మాటల్లో చెప్పడం ("ఎర్రదాని మీద నీలంది పెడుతున్నావు"), బిడ్డ అన్నమాటను తిరిగి అనడం ("ఓహో, ఇది గరాజు"), బిడ్డ చేసినట్టే తామూ చేయడం, ఏ పని నచ్చిందో ఆ పని పేరు చెప్పి మెచ్చుకోవడం. వట్టి "వెరీ గుడ్" చాలదు. "కూలిపోయినా మళ్లీ మొదలుపెట్టావు, అది నాకు నచ్చింది" అనాలి.

చేయకూడనివి మూడు: ప్రశ్నలు, ఆజ్ఞలు, విమర్శ. విమర్శ సంగతి అందరికీ అర్థమవుతుంది. ప్రశ్న దగ్గర మాత్రం దాదాపు అందరూ ఆగిపోతారు. "ఇదేం రంగు?" అన్న క్షణంలో బిడ్డ కట్టడం ఆపి జవాబు వెతుక్కోవాలి, ఆట పగ్గాలు మన చేతికొస్తాయి. "అక్కడ పెడదామా?" అన్నది కూడా ప్రశ్న వేషంలో ఉన్న ఆజ్ఞే. ఆ చికిత్సలో తల్లిదండ్రులు చేరుకోవలసిన కొలత ఇది: ఐదు నిమిషాల్లో పేరుపెట్టిన మెప్పులు 10, తిరిగి అన్న మాటలు 10, వర్ణనలు 10. ప్రశ్నలు, ఆజ్ఞలు, విమర్శలు మూడూ కలిపి 3కి మించకూడదు. సమావేశంలో ఇద్దరిద్దర్ని జట్టు చేసి, ఒకరు ఆడుతుంటే మరొకరు గీతలు గీసి లెక్కపెట్టేలా చూడండి. ఎవరి ప్రశ్నల సంఖ్య వాళ్లే చూసుకుంటారు, మీరు ఒక్క మాటా అనక్కర్లేదు.

ఇక్కడ తప్పేవి కూడా చెప్తాను. ఈ ఆటను బహుమతిగా మార్చి, "ఈరోజు అల్లరి చేశావు కాబట్టి లేదు" అనడం. అల్లరి చేసిన రోజే అది ఎక్కువ కావాలి. రెండోది, నిమిషానికి ఇరవై వాక్యాలతో పిల్లల తల తినేయడం. బిడ్డ పనిలో మునిగి ఉంటే మీరూ కాసేపు నిశ్శబ్దంగా అదే పని చేయండి.

మిగతా రోజంతా పనులు చెప్పక తప్పదు కదా. దానికి పద్ధతి వేరు. వంటింట్లోంచి కేకేయడం కాదు, దగ్గరకు వెళ్లి, కళ్లల్లో చూసి, ఒక్క పని చెప్పాలి. "అల్లరి చేయకు" కాదు, "చేతులు ఒళ్లో పెట్టుకో". చెప్పాక ఐదు సెకన్లు ఆగాలి. ఆ ఐదు సెకన్లలో అదే మాట మళ్లీ అనకూడదు. ధ్యాస బలహీనంగా ఉన్న పిల్లలకు విన్నది చేతల్లోకి రావడానికి ఆ వ్యవధి కావాలి. మనం మూడు సెకన్లకే గొంతు పెంచి మళ్లీ చెప్తే మొదటిది చెరిగిపోయి కొత్తది మొదలవుతుంది. పైగా, నాలుగోసారి దాకా వినక్కర్లేదని నేర్చుకుంటారు.

పలక_బలపం

గీతల లెక్క బాగుంది, అది తీసుకుంటున్నాను. రెండు అనుమానాలు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఆ ఐదు నిమిషాలు ఎలా? మాట వినకపోతే అరిచి, ఆఖరికి విసిగి వదిలేయడం అన్ని ఇళ్లలో కనిపిస్తుంది. దానికీ స్నేహాలకూ సంబంధం ఉందా?

ఆటగది_చాప

ఇద్దరుంటే చెరో ఐదు, వేరువేరుగా. ఒకరితో ఆడుతుండగా రెండోవాళ్లకు చేతిలో పని ఉండాలి, "తర్వాత నీ వంతు" అన్న మాట తప్పకుండా నిలబెట్టుకోవాలి. రెండో అనుమానానికి నాకన్నా కింద రాసేవాళ్లు బాగా చెప్పగలరు.

జట్టు_ఆట

రెండో అనుమానం మీ మొత్తం ప్రశ్నకి ఆయువుపట్టు. జెరాల్డ్ ప్యాటర్సన్ దీన్ని 1982 నాటికే విడమరిచి చూపించాడు. పెద్దవాళ్లు పని చెప్తారు, బిడ్డ సణుగుతుంది, వాళ్లు గొంతు పెంచుతారు, బిడ్డ ఇంకా పెంచుతుంది, చివరకు వాళ్లు వదిలేస్తారు. క్షణంలో ఇల్లు ప్రశాంతం. ఆ ప్రశాంతతే ఇద్దరికీ బహుమానం: గొంతు పెంచితే పని తప్పుతుందని బిడ్డ నేర్చుకుంది, వదిలేస్తే గోల ఆగుతుందని పెద్దవాళ్లు నేర్చుకున్నారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, ఇద్దరూ ఆ క్షణానికి పనిచేసిందే చేశారు. ఇదే పద్ధతి బిడ్డ ఆటస్థలానికి తీసుకెళ్తుంది. తేడా అల్లా, అమ్మానాన్నలు ఎక్కడికీ పోలేక లొంగిపోతారు, తోటి పిల్లలు ఆట వదిలి వెళ్లిపోతారు. ఇంట్లో గెలిపించిన ఎత్తే బయట ఒంటరిని చేస్తుంది, ఎందుకో బిడ్డకు అంతుబట్టదు.

అందుకే చెప్పిన పని తక్కువగా ఉండాలి, చెప్పింది జరిగి తీరాలి. జరిపించే ఓపిక లేని వేళ ఆ పని చెప్పకపోవడమే మేలు.

ఇప్పుడు ఆటలోకి చేరడం గురించి, ఎందుకంటే ఒంటరి పిల్లలు దెబ్బతినే చోటు సరిగ్గా అది. మార్తా పుటల్లాజ్, జాన్ గాట్‌మన్ 1981లో రెండో తరగతి, మూడో తరగతి పిల్లలను గమనించారు. అంతగా కలుపుకోబడని పిల్లలు జరుగుతున్న ఆటను ఆపేసే పనులు చేశారు: ప్రశ్నలడగడం, తమ గురించి చెప్పుకోవడం, కాదనడం. ఎదుటివాళ్ల కోణంలో చూడండి. ముగ్గురు పిల్లలు కుర్చీలు వరసగా పెట్టి బస్సు ఆడుతున్నారు. ఒకడొచ్చి "ఏం ఆడుతున్నారు? నా దగ్గర ఇంకా పెద్ద బస్సుంది. డ్రైవరు అలా కూర్చోడు" అన్నాడు. ఆరు సెకన్లలో మూడు తప్పులూ అయిపోయాయి. ఇంకొకడు పక్కన నిలబడి కాసేపు చూశాడు, డ్రైవరెవరో కండక్టరెవరో పోల్చుకున్నాడు, బస్సు ఆగగానే చెయ్యెత్తి "ఒక టికెట్టు" అన్నాడు. వాణ్ని ఎవరూ "నువ్వు వద్దు" అనలేదు, అనడానికి అవకాశమే రాలేదు.

రెండోవాడు చేసిన ప్రతి పనికీ ధ్యాస కావాలి. ఆగి చూడటం, ఎవరు ఏంటో గుర్తుంచుకోవడం, మాట నోటిదాకా వచ్చినా ఆపుకోవడం, సందు కోసం ఎదురుచూడటం. "వెళ్లి కలిసి ఆడుకో" అని తోసే పెద్దలు వీటిలో ఏదీ నేర్పడం లేదు. ఇంట్లో బొమ్మలతో సాధన చేయించవచ్చు: నిలబడు, చూడు, ఆట ఏమిటో మనసులో చెప్పుకో, సందు రాగానే ఆ ఆటకు సరిపోయే ఒక్క పని చెయ్యి. వద్దంటే వాదించకుండా వెనక్కొచ్చెయ్, కాసేపాగి వేరేచోట చూడు. "వద్దన్నారు" అన్నది ఎంత బాగా ఆడే పిల్లలకైనా ఎదురవుతుందని ముందే చెప్పండి, లేకపోతే మొదటి తిరస్కారంతోనే సాధన ఆగిపోతుంది.

గుంపు కన్నా ముందు ఒక్క స్నేహితుడు. ఇంటికి ఒక్కర్నే పిలవాలి. ఇద్దర్ని పిలిస్తే వాళ్లిద్దరూ జట్టయి, మన బిడ్డ మళ్లీ బయటే. మొదటిసారి గంట చాలు, బాగా సాగుతున్నప్పుడే ముగించాలి. వచ్చే ముందు, బిడ్డ ఎవరికీ ఇవ్వలేని వస్తువులు తనే ఎంచి దాచేయాలి. పంచుకోవడం నేర్పడానికి ఇది వేళ కాదు. టీవీ, ఫోను కట్టేయాలి, లేకపోతే పక్కపక్కన కూర్చుని వేరువేరుగా గడిపేస్తారు. ఇద్దరి చేతులూ కావలసిన పనులు రెండు సిద్ధంగా ఉంచి, మొదట ఎంచుకునే హక్కు వచ్చినవాళ్లకివ్వాలి.

పెద్దవాళ్లు మాట వినబడే దూరంలో ఉండాలి, ఆటలో కాదు. కొట్టుకోవడం, ఏడిపించడం తప్ప మిగతా తగాదాలకు వెంటనే దిగొద్దు. బేరమాడటం నేర్చుకునేది ఆ తగాదాల్లోనే. చిక్కుముడి వీడకపోతే తీర్పు చెప్పకుండా, "ఇద్దరికీ అదే కావాలి, ఒక్కటే ఉంది, ఏం చేద్దాం?" అని వదిలేయండి. తప్పు కనబడితే స్నేహితుడి ముందు సరిదిద్దకండి. వాళ్లు వెళ్లాక, పని పేరుతో ఒక మెప్పు, వచ్చేసారికి ఒక్క సూచన.

ఇలా తల్లిదండ్రులకే స్నేహాల శిక్షణ నేర్పే కార్యక్రమాన్ని అమోరి మికామీ బృందం ఏడీహెచ్‌డీ (ధ్యాస లోపం, అతిచురుకు సమస్య) ఉన్న పిల్లల కుటుంబాలతో పరీక్షించి 2010లో ప్రచురించింది. ఎనిమిది సమావేశాలు, పిల్లలు రాలేదు, తల్లిదండ్రులే వచ్చారు. అయినా పిల్లల స్నేహాల్లో మెరుగు కనిపించింది.

నాన్నలు సమావేశానికి రారు అంటారేమో, వాళ్లకొక మాట. కెవిన్ మెక్‌డొనాల్డ్, రాస్ పార్క్ 1984లో గమనించింది: తండ్రులతో ఒళ్లు కదిలే ఆటలు బాగా ఆడే పిల్లలు తోటివాళ్లలో బాగా కలిశారు, ఆటలో ఊరికే ఆజ్ఞలిచ్చే తండ్రుల పిల్లలు అంతగా కాదు. పెనుగులాటలో బిడ్డ ఎదుటి ముఖం చదువుతుంది, ఉత్సాహం పెరిగాక తగ్గించుకోవడం నేర్చుకుంటుంది. షరతు ఒక్కటే: బిడ్డ "చాలు" అన్న తొలిసారే ఆగాలి. నవ్వుతూ చాలన్నా సరే.

పిల్లల_ఓపీ

పైవన్నీ పనికొచ్చేవే. కానీ కారణం ఒకవైపు నుంచే నడుస్తుందన్నట్టు వినిపిస్తే మీ మూడో ప్రశ్నలోని నింద వచ్చేస్తుంది. రస్సెల్ బార్క్‌లీ, చార్లెస్ కన్నింగ్‌హామ్ 1979లో చేసిన పని గుర్తుంచుకోండి. అతిచురుకు పిల్లలకు మందిచ్చినప్పుడు పిల్లలు మాట వినడం పెరిగింది, దాంతో తల్లుల ఆజ్ఞలు తగ్గాయి. తల్లులకు ఎవరూ ఏమీ నేర్పలేదు. కాబట్టి అరిచే తల్లిని చూసి "అందుకే పిల్లాడు ఇలా" అనుకునే ముందు, పిల్లాడు ఇలా ఉన్నందుకే ఆమె అరుస్తోందేమో చూడాలి. చాలా ఇళ్లలో రెండూ ఉంటాయి. ఏడీహెచ్‌డీలో వ్యక్తుల మధ్య తేడాకు దాదాపు నాలుగింట మూడు వంతులు జన్యుపరమైన కారణాలేనని కవలల అధ్యయనాలు చెప్తున్నాయి. పెంపకం ఆ జబ్బును తెచ్చిపెట్టదు. కానీ ఆ బిడ్డ రోజు ఎలా గడుస్తుందో, స్నేహాలు నిలుస్తాయో లేదో చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంటుంది. సమావేశంలో ఇదే వరసలో చెప్పండి, ముందు జన్యువులు, తర్వాత పెంపకం. వరస మారితే రెండో మాట ఎవరికీ వినపడదు.

డాక్టరు దగ్గరకు పంపేముందు మీ రిజిస్టరులో పుట్టినతేదీ చూడండి. తరగతిలో అందరికన్నా చిన్న పిల్లలకు ఏడీహెచ్‌డీ ముద్ర ఎక్కువగా పడుతోందని చాలా దేశాల్లో తేలింది. పది, పదకొండు నెలల తేడా ఆరేళ్ల వయసులో చిన్నది కాదు.

తర్వాత నిద్ర. 6 నుంచి 12 ఏళ్లవాళ్లకు రోజుకు 9 నుంచి 12 గంటలు కావాలి, 3 నుంచి 5 ఏళ్లవాళ్లకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13. నిద్ర చాలని పిల్లలు పెద్దవాళ్లలా తూగరు, ఎగురుతారు. రోజూ గురక పెడుతుంటే, నోటితో ఊపిరి తీస్తుంటే ముందు ముక్కు, గొంతు చూపించాలి. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు పిలిస్తే పలకకపోతే వినికిడి పరీక్ష, చెవిలో ద్రవం చేరినా ఇలాగే ఉంటుంది. ఇంకొకటి టీచర్లే ముందు పట్టగలరు: మాట్లాడుతూనో రాస్తూనో ఉన్న బిడ్డ హఠాత్తుగా కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, భుజం తట్టినా స్పందించక, తర్వాత ఏమీ జరగనట్టు కొనసాగితే అది పరధ్యానం కాకపోవచ్చు. ఒక రకం మూర్ఛ అలాగే ఉంటుంది. ఆలస్యం చేయకుండా పంపండి.

ఇవేవీ కాకపోతే ఏడీహెచ్‌డీ సంగతి. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం ధ్యాస లోపం లక్షణాలు తొమ్మిదిలో ఆరో, అతిచురుకు లక్షణాలు తొమ్మిదిలో ఆరో కనీసం ఆరు నెలలుగా, వయసుకు మించి ఉండాలి. పన్నెండేళ్లలోపే మొదలై, రెండు చోట్ల కనబడి, చదువుకో స్నేహాలకో అడ్డుపడాలి. బడిలో మాత్రమే ఉంటే పాఠం కష్టమవుతోందేమో, ఎవరైనా ఏడిపిస్తున్నారేమో చూడాలి. ఇంట్లో మాత్రమే ఉంటే పైన చెప్పిన సణుగుడు-అరుపు వలయమేమో చూడాలి. ఆరేళ్లు నిండని పిల్లలకు అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకం ముందుగా సూచించేది మందు కాదు, తల్లిదండ్రులకు ప్రవర్తనా శిక్షణ. ఆరు దాటాక రెండూ కలిపి.

తల్లి లేదా తండ్రి కుంగుబాటులో ఉంటే ముందు వాళ్లకు వైద్యం. ఐదు నిమిషాల ఆట చేయలేకపోవడం వాళ్ల తప్పు కాదు.

శైశవం_నుంచి

ఫోను గురించి ఎవరైనా అడుగుతారు, దానికి ఒక ప్రయోగం దగ్గర పెట్టుకోండి. రీడ్, హిర్ష్-పాసెక్, గొలింకాఫ్ 2017లో తల్లులతో రెండేళ్ల పిల్లలకు రెండు కొత్త పదాలు నేర్పించారు. ఒక పదం నేర్పుతున్నప్పుడు మధ్యలో ఫోను మోగించి మాట్లాడించారు. రెండు పదాలూ పిల్లల చెవిన పడింది సమానంగానే. అయినా ఆటంకం లేనిదే నేర్చుకున్నారు. కాబట్టి "రోజంతా ఫోను ముట్టొద్దు" అని ఎవరూ చేయలేనిది చెప్పకండి. బిడ్డతో మొదలుపెట్టిన మాట అయ్యేదాకా ఫోను తీయొద్దు అని చెప్పండి.

పలక_బలపం

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి: ఎన్నాళ్లకు మార్పు కనబడుతుందని చెప్పాలి?

ఆటగది_చాప

పైన చెప్పిన తల్లిదండ్రి-బిడ్డ చికిత్స పూర్తి కావడానికే మామూలుగా 12 నుంచి 20 వారాలు పడుతుంది. కనుక రెండు వారాల్లో అద్భుతం జరుగుతుందని చెప్పొద్దు. మొదట మారేది తల్లిదండ్రుల గీతల లెక్క, తర్వాత ఇంట్లో మాట వినడం, తోటి పిల్లల దగ్గర మార్పు అన్నిటికన్నా ఆలస్యం. ఎందుకంటే ఒకసారి "వీడింతే" అనుకున్న పిల్లలు, వీడు మారినా కొన్నాళ్లు అలాగే చూస్తారు. అక్కడ మీ సాయం కావాలి: జట్లు పిల్లల్ని ఎంచుకోనివ్వకుండా మీరే వేయండి, ఒంటరిగా ఉండే బిడ్డను నెమ్మదైన ఒక్కరితో ఒక పని మీద కూర్చోబెట్టండి, నాలుగైదు వారాలు అదే జట్టు ఉంచండి. ఇంకొక హెచ్చరిక కూడా ముందే ఇవ్వండి. సణుగుడుకు లొంగడం మానేసిన మొదటి రోజుల్లో సణుగుడు పెరుగుతుంది. పద్ధతి పనిచేయడం లేదని చాలామంది సరిగ్గా అప్పుడే ఆపేస్తారు.